ఆకుపచ్చ గీత పెట్టిన నట్టు

పోయిన వారం మనం చిన్నోణ్ణి ఇంజను ముందు గొంతుక్కూర్చోబెట్టి, చేతిలో విరిగిన స్టడ్డు ముక్కలతో వదిలేసి వచ్చాం. పాపం, వాడింకా అక్కడే ఉన్నాడు.

షెడ్డు వెనక రేకుల పంచలో, రెండు వానాకాలాల పాటు టార్పాలిన్ కింద మగ్గిన వ్యాను తాలూకు ఇంజను అది. రంపం తిప్పుకోవడానికి కావాలని సామిల్లు ఆయన అడిగాడు. పెద్ద మేస్త్రి, అంటే చిన్నోడి అన్నయ్య, ఇస్తానని మాటిచ్చేశాడు. "ఉన్నదున్నట్టు దింపి పంపించెయ్. దేనికీ స్పానరు పెట్టకు" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పి, పొద్దున్నే ఎక్కడో ఆగిపోయిన లారీని చూడ్డానికి వెళ్ళాడు. చెప్పిన మాట వింటే వాడు చిన్నోడెందుకవుతాడు? నలభై దగ్గరపడుతున్నా ఆ పేరూ వదల్లేదు, ఆ బుద్ధీ వదల్లేదు. ఇంజను బల్ల మీదికి దించాక ఒక్కసారి స్టార్టు చేసి చూద్దామనుకున్నాడు. పొగ పోయే వైపు నుంచి ఫట్ ఫట్‌మని గాలి కొట్టింది. లీకున్న ఇంజను మన షెడ్డు గేటు దాటడమా అని పౌరుషానికి పోయి నట్లు విప్పబోయాడు. రెండు స్టడ్లు పుటుక్కుమన్నాయి.

ఈ పని తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. ఇంజనులో మండిన పొగ బయటికి పోవడానికి పక్కన ఒక లావుపాటి ఇనుప గొట్టం ఉంటుంది, మానిఫోల్డు అంటారు. దాన్ని ఇంజను పైదిమ్మకి, అంటే హెడ్డుకి, అదిమి పట్టుకునే మరల కడ్డీలే స్టడ్లు. ఏళ్ళ తరబడి కాలుతూ చల్లారుతూ అవి హెడ్డుతో ఏకమైపోతాయి. నట్టు తిప్పితే నట్టు రాదు, స్టడ్డే విరుగుతుంది. విరిగిన ముక్క లోపలే ఉండిపోతుంది. దాన్ని బయటికి లాగడం మేస్త్రి పనుల్లోకెల్లా పాపిష్టి పని.

ఇక ఆ వ్యాను సంగతి. పాతవాళ్ళకి చెప్పక్కర్లేదు, కొత్తగా చదివేవాళ్ళు గుండె చిక్కబట్టుకోండి. ఫ్యాక్టరీ జనాన్ని ఎక్కించి దింపే బండి అది. నడిపింది బావ. మేనత్త కొడుకు కనుక అన్నదమ్ములిద్దరికీ అతను బావే. చిన్నప్పటి పిలుపు పెళ్ళయ్యాక కూడా మారక, అతన్ని చేసుకున్న వాళ్ళ అక్కకీ బావే. బడి లేని ఒక రోజు కూతుర్ని బండిలో తీసుకెళ్ళాడు. ఇంటిల్లిపాదీ పిచ్చిక అని పిలిచే ఆ పిల్లకి నోరు మూసుకోవడం తెలియదు. సాయంత్రం జనాన్ని దించేసి జోరువానలో ఇంటికొస్తుంటే వ్యాను వంతెన గోడకి గుద్దుకుంది. డ్రైవరు పక్కన, ఇంజను మీద మూసే రేకు బానెట్టు మీద కూర్చున్న పిచ్చిక ఇంటికి రాలేదు. "నిద్ర పట్టేసింది" అని బావ తనంతట తనే చెప్పాడు. తాగుంటాడన్నారు కొందరు, అదీ కాదనలేదు. ఆనాటి నుంచి అక్క అన్నయ్య ఇంట్లో ఉంటోంది, బావ షెడ్డులో పడుకుంటున్నాడు. మధ్యాహ్నం గేటు పక్క అరుగు మీద క్యారేజీ పెట్టి వెళ్ళిపోతుంది అక్క. పిలవదు, ఆగదు, ఒక్క మాట మాట్లాడదు. స్టీరింగు ఇక ముట్టనన్న మనిషి, కిరసనాయిలు పళ్ళెం ముందు కూర్చుని విప్పిన సామాన్లు కడుగుతూ బతుకు వెళ్ళదీస్తున్నాడు.

ఇప్పుడూ అక్కడే కూర్చున్నాడు, ఇంజను వైపు వీపు పెట్టి.

"బావా, ఆ కొవ్వొత్తి ఇటు విసురు" అన్నాడు చిన్నోడు.

"పట్టపగలు కొవ్వొత్తి ఎందుకురా?"

"దీనికి తినిపించాలి. మొండికేసింది."

బావ వెనక్కి తిరక్కుండానే విసిరాడు. అది సరిగ్గా చిన్నోడి కాళ్ళ దగ్గర పడింది. ఎంతైనా డ్రైవరు అంచనా, అంత తేలిగ్గా పోదు.

ముందు మిగతా నట్లు విప్పితే గానీ మానిఫోల్డు ఊడదు. మళ్ళీ విరగ్గొట్టుకునే ఓపిక లేక చిన్నోడు ఈసారి జాగ్రత్తపడ్డాడు. ఒక్కో నట్టునీ గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, కాస్త చల్లారనిచ్చి, దాని మొదట్లో కొవ్వొత్తి ఆనించాడు. మైనం కరిగి మరల్లోకి సర్రున పాకిపోయింది. అప్పుడు స్పానరు పట్టి కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి, మళ్ళీ ముందుకి తిప్పాడు. మనుషుల్ని కూడా ఇంతగా బతిమాలి ఎరగడు వాడు. ఆఖరిది, డ్రైవరు కాళ్ళ వైపు మూలనున్నది మాత్రం, స్పానరు ఆనించీ ఆనించగానే స్టడ్డు ముక్కతో సహా చేతిలోకి వచ్చేసింది. ఒక్కదానికైనా మర్యాద తెలిసిందిలే అనుకుని, మసితో నల్లగా ఉన్న దాన్ని మిగతావాటితో కలిపి బావ పళ్ళెంలోకి గిరాటేశాడు. తొందరలో దానివైపు చూడను కూడా లేదు.

మానిఫోల్డు ఊడింది. ఇక విరిగిన రెండు స్టడ్ల మీద పడ్డాడు. మొదటిది వేలి గోరంత బయటికి ఉంది. దాని మీద కొత్త నట్టు ఒకటి కూర్చోబెట్టి, నట్టు కంత లోంచి వెల్డింగు పెట్టి రెంటినీ కలిపేశాడు. ఎర్రదనం పోయేదాకా ఆగి స్పానరు వేశాడు. కిర్రుమంది. మళ్ళీ తిప్పాడు. తుప్పు పొడి రాలింది. తర్వాత నెమ్మదిగా, ఒక్కో చుట్టూ తిరుగుతూ మొత్తం ముక్క బయటికొచ్చేసింది. దాన్ని వెలుతురుకి పట్టి చూసుకుని చిన్నోడు మురిసిపోయాడు. ఎవరికైనా చూపించాలనిపించింది. చూడ్డానికి బావ వీపు తప్ప ఏమీ లేదు.

"వచ్చిందా?" అంది వీపు.

"రాకేం చేస్తుంది? అల్లుడిలా వచ్చింది. రెండోదే, కొత్తకోడలిలా లోపలికి పోయి కూర్చుంది."

బావ నవ్వినట్టే ఉంది. భుజాలు కొంచెం కదిలాయి. ఎన్నాళ్ళయిందో అతను నవ్వి.

రెండో స్టడ్డు హెడ్డు అంచుకి లోపల విరిగింది. వెల్డింగు పెట్టడానికి చోటు లేదు. సరిగ్గా నడిమధ్యన మొనదేలిన పంచితో ఒక దెబ్బ వేసి, సన్న డ్రిల్లు బిట్టుతో తొలిచి, ఆ కంతలోకి ఎడమ చుట్టు మరలున్న చిన్న ఉక్కు పుల్లని దించాలి. మామూలు మర కుడికి బిగుస్తుంది, ఈ పుల్ల ఎడమకి తిప్పేకొద్దీ లోపల కరుచుకుంటూ విరిగిన ముక్కని తనతో పాటు తిప్పుకొస్తుంది. వస్తే అదృష్టం. రాకపోతే ఆ పుల్ల కూడా లోపలే విరుగుతుంది. అది మామూలు ఇనుము కాదు, దాన్ని ఏ బిట్టూ తొలవలేదు. ఇక హెడ్డు మొత్తం దించి పెద్ద మెషీన్లున్న చోటికి మోసుకుపోవాల్సిందే. అందుకే చిన్నోడు ఊపిరి బిగబట్టి, రెండు వేళ్ళతో, ఉక్కు ఏం చెబుతుందో వింటూ తిప్పాడు. బిగిసినప్పుడు ఆపాడు. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ మైనం పెట్టాడు. చచ్చీ చెడీ అదీ బయటపడింది. చొక్కా అంతా చెమటతో వీపుకి అంటుకుపోయింది.

గండం గడిచిందనుకుని, మిగతా కంతల్లో మసి తుడవడం మొదలుపెట్టాడు. ఆఖరి మూలన ఉన్న కంతలోకి గుడ్డ దూర్చాడు. గుడ్డ లోపలికి పోలేదు.

టార్చి లైటు తెచ్చుకుని వంగి చూశాడు. కంత నిండా విరిగిన పాత స్టడ్డు ఉంది. దాని మధ్యన, కొంచెం పక్కకి వంకరగా తొలిచిన సన్న కంత ఉంది. ఆ కంతలో ఉక్కు పుల్ల ముక్క విరిగి, తళతళా మెరుస్తూ కనిపించింది. ఇందాకటి నుంచి తను దేనికి భయపడుతున్నాడో, అదే పొరపాటు అక్కడ ఎవరో ఎప్పుడో చేసేశారు. చేసి వదిలేశారు. కంత అంచుల చుట్టూ బండి రేకుల సొట్టలు పూడ్చే లప్పం గట్టిగా అంటుకుని ఉంది.

అప్పుడు చూశాడు చుట్టుపక్కల మసిని. మిగతా చోట్ల అంతా శుభ్రంగా ఉంది. ఆ మూల మాత్రం సందు లోంచి పొగ బుసకొట్టినట్టు నల్లగా పరుచుకుని ఉంది, పైకి, అంటే బానెట్టు వైపు. ఇంజను మీది ఆ రేకు మూత పంచలో గోడకి ఆనించి ఉంది. వెళ్ళి దాని లోపలి వైపు తిప్పి చూశాడు. డ్రైవరు సీటు వైపు మూలనంతా మసి చార. ఆ మూత మీదే చిన్న దిండు వేసుకుని కూర్చునేది పిచ్చిక.

ఈ పొగ సంగతి షెడ్డులో పుట్టి పెరిగినవాడికి ఒకరు చెప్పాలా? అద్దాలు మూసిన బండిలోకి పాకితే కంటికి కనిపించదు, ముక్కుకీ సరిగ్గా తెలియదు. తల దిమ్మెక్కుతుంది, కళ్ళు వాలిపోతాయి. పోయేవాడు కూడా నిద్రనే అనుకుంటాడు.

మరి ఇందాక మర్యాదగా చేతిలోకి వచ్చేసిన నట్టు ఏది? గబగబా పళ్ళెం దగ్గరికి వెళ్ళాడు. కడిగిన నట్లు గుడ్డ మీద వరసగా ఉన్నాయి. అందులో అది లేదు. బావ ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"బావా, ఇందులో ఒకటి తక్కువుంది."

"ఎక్కడో దొర్లుంటుంది."

"చెయ్యి తియ్యి బావా."

"పోయి నీ పని చూసుకో చిన్నోడా. ఆ హెడ్డు ఇక పనికిరాదు. సామిల్లు ఆయన్ని వేరేది చూసుకోమను."

హెడ్డు పనికిరాదని ఇతనికెలా తెలుసు? పొద్దున్నుంచీ ఇటు తిరిగి చూసిన పాపాన పోలేదే. చిన్నోడు పక్కన కూలబడి ఆ పిడికిలి పట్టుకున్నాడు. బావ పెనుగులాడలేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతుంటే విప్పనిచ్చాడు.

కిరసనాయిలుకి మసి వదిలి నట్టు తేటగా ఉంది. అందులో బిగించిన స్టడ్డు ముక్క బెత్తెడు కూడా లేదు, కోసి పెట్టిన ఉత్తుత్తి ముక్క. కొసకి లప్పం ముద్ద అంటుకుని ఉంది. నట్టు మీదా ముక్క మీదా కలిపి సన్నగా ఆకుపచ్చ గీత ఉంది.

ఈ షెడ్డుకో పద్ధతి ఉంది. పెద్ద మేస్త్రి తన చేత్తో బిగించిన ప్రతి నట్టు మీదా ఆకుపచ్చ రంగుతో ఒక గీత గీస్తాడు. ఆ రంగు డబ్బా సొంత తమ్ముడు కూడా ముట్టుకోడు. గీత ఉందంటే అది బిగించి ఉన్నట్టే, మళ్ళీ స్పానరు పెట్టి చూసేవాడు లేడు. రోజూ పొద్దున బండ్లు చూసుకునే ఫ్యాక్టరీ సూపర్‌వైజరు కూడా బానెట్టు ఎత్తి, గీతలు చూసి, సరేనని మూసేసేవాడు. అన్నయ్య గీత అంటే అన్నయ్య మాట కింద లెక్క. ఆ గీత గీయడం ఏనాటికైనా తనకి అబ్బుతుందా అని చిన్నోడు చిన్నప్పటి నుంచీ ఆశపడ్డాడు.

"ఇది అన్నయ్య పనేనా?" అన్నాడు.

బావ పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది. పెద్ద మేస్త్రి లోపలికి వస్తూనే బల్ల మీద బోసిగా ఉన్న ఇంజనునీ, నేల మీదున్న మానిఫోల్డునీ చూశాడు. సుత్తి దెబ్బల మధ్య చెవులు పోగొట్టుకున్న మనిషి ఆయన. రహస్యం చెప్పినా వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"దాన్ని ముట్టుకోమని నీకెవడు చెప్పాడ్రా?"

చిన్నోడు లేచి వెళ్ళి అరచేతిలో నట్టు పెట్టి చూపించాడు. "ఈ గీత ఎవరిదన్నయ్యా?"

పెద్ద మేస్త్రి నట్టు చూశాడు. ఇంత పెద్ద మనిషీ, ఒక్కసారిగా అక్కడే బోర్లించి ఉన్న డ్రమ్ము మీద కూర్చుండిపోయాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఎవరిదని అడిగాను."

"చూస్తే తెలియట్లేదా? నాదే." తర్వాత అదే పెద్ద గొంతుతో చెప్పుకొచ్చాడు. "ఆ పొద్దున స్టడ్డు విరిగింది. తియ్యబోతే పుల్ల విరిగింది. నువ్వు లేవు, సామాను కోసం వెళ్ళావు. బయట హారను మోగుతోంది, ఫ్యాక్టరీ జనం రోడ్డు మీద నిలబడున్నారు. ఆ పూట బండి పోకపోతే వాళ్ళు ఇంకో బండి పెట్టేసుకుంటారు. ఒక్క పూటే కదా అనుకున్నాను. సాయంత్రం హెడ్డు దించుదామనుకున్నాను. సూపర్‌వైజరు మూత ఎత్తి చూస్తాడని ఉత్తుత్తి ముక్క అంటించాను."

"అంటించావు. గీత ఎందుకు గీశావు?"

"గీత లేకపోతే వాడు బండి కదలనివ్వడు."

"అంతేనా?"

"అంతేరా. నేనేమన్నా కావాలని చేశానా? అద్దాలు దించి నడుపు, పొగ లోపలికి రావచ్చు, అని చెప్పే పంపించాను. నువ్వే చెప్పు బావా. అద్దాలు దించే నడపమన్నానా, లేదా?"

"అన్నావు మేస్త్రీ" అన్నాడు బావ.

"విన్నావుగా. నేను చెప్పాల్సింది చెప్పాను. అద్దాలు ఎత్తితే నేనేం చెయ్యను?"

చిన్నోడికి ఒళ్ళు మండిపోయింది. చేతికందిన స్పానరు నేలకేసి కొట్టాడు. "మరి ఈ ముక్క ఇన్నాళ్ళూ ఏ నోట్లో దాచావు? అక్క ఇతని మొహం చూడ్డం మానేసింది. వీధిలో తాగుబోతు అన్నారు. నీ కళ్ళ ముందే కదా ఇతను చాప పరుచుకుని షెడ్డులో పడుకునేది. రోజూ పొద్దున వచ్చి ఇతన్ని దాటుకుని లోపలికి వచ్చావు కదా."

"అతనే చెప్పాడు కదరా నిద్రపట్టిందని. నేను నమ్మాను."

"నమ్మితే టార్పాలిన్ ఎందుకు కప్పావు?"

పెద్ద మేస్త్రి మోకాలి మీది టోపీని అటూ ఇటూ తిప్పాడు. "నమ్మాలనుకున్నాను" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు పక్కవాడికి మాత్రమే వినిపించింది.

అన్నయ్యని అలా చూస్తుంటే చిన్నోడికి కోపంతో పాటు ఏడుపూ వచ్చింది. నడక నేర్పిందీ ఆ చేతులే, స్పానరు పట్టడం నేర్పిందీ ఆ చేతులే. ఆ ఆకుపచ్చ గీత మీద ఎన్ని వందల బండ్లు ధైర్యంగా రోడ్డెక్కాయో. ఇప్పుడు వాటన్నిటి మీదా అనుమానమే. అయినా ఆ బాధ అడుగున ఒక చిన్న ఆశ కూడా మెదిలింది వాడికి. బావ నిద్రపోలేదు. తాగలేదు. ఈ మాట అక్కకి తెలిస్తే, పోయిన పిల్ల ఎలాగూ రాదు, ఉన్న మొగుడైనా తిరిగొస్తాడు. కనీసం ఒక్క కంచం దగ్గర ఇద్దరూ కూర్చుని ఏడవచ్చు.

"నేను ఇప్పుడే వెళ్ళి అక్కకి చెప్తాను" అని నట్టు జేబులో వేసుకున్నాడు.

"వద్దు" అన్నాడు బావ.

"నువ్వూరుకో బావా. నీ మంచితనం చాలు. అన్నయ్యకి షెడ్డు పోతుందనేగా నీ భయం? పోతే పోనీ."

"మేస్త్రి కోసం కాదురా." బావ లేచాడు. తడి చేతులతోనే వచ్చి చిన్నోడి భుజం పట్టుకుని, పంచ మూలకి తీసుకెళ్ళాడు. గొంతు బాగా తగ్గించాడు. "చెప్తే నీతోనే ఉండాలి. ఆ పొద్దున బయల్దేరుతుంటే మీ అక్క గేటు దాకా వచ్చింది. 'పిల్లకి జలుబు చేసింది. దార్లో అద్దాలు దించకు, దగ్గు ఎక్కువైతే నీ పని చెప్తా' అంది, నవ్వుతూనే. నట్టు సంగతి దానికి చెప్పలేదు నేను. కంగారుపడుతుందని సరేనన్నాను. వీధి మలుపు తిరగ్గానే అద్దాలు దించేశాను. రోజంతా దించే నడిపాను."

చిన్నోడు గోడకి ఆనించి ఉన్న రేకు మూత వైపు చూశాడు.

"సాయంత్రం జనం దిగిపోయాక వాన అందుకుంది. జల్లు లోపలికి కొడుతోంది. పిల్ల తడిసింది, దగ్గుతోంది. 'నాన్నా, అమ్మ అద్దం ఎత్తమంది కదా' అని నా చొక్కా పట్టుకుని గుంజింది. ఇల్లు దగ్గరికొచ్చేశాంలే అనుకున్నాను. ఎత్తాను."

"ఏమంటున్నాడ్రా?" అని డ్రమ్ము మీది నుంచి కేకేశాడు పెద్ద మేస్త్రి.

"ఇప్పుడు నువ్వెళ్ళి ఈ నట్టు చూపిస్తావు" అన్నాడు బావ. "మీ అక్క తెలివిగలది. ఏడుస్తూనే ఒక ప్రశ్న వేస్తుంది. దించి నడపమంటే అద్దం ఎందుకు ఎత్తావు అంటుంది. నేనేం చెప్పను? నిద్రపోయి చంపాననుకుంటే నన్ను తిట్టుకుంటూనైనా బతుకుతుంది. ఈ సంగతి తెలిస్తే ఎవర్ని తిట్టుకుని బతుకుతుందిరా? తిట్టనీ. దానికి మిగిలింది అదొక్కటే, నువ్వు దాన్ని కూడా లాక్కోకు."

ఇందాకటి ఆశ ఎటు పోయిందో చిన్నోడికి తెలియలేదు. ఒక్కో స్టడ్డుకీ ఒక్కో ఉపాయం ఉంది. కాల్చొచ్చు, మైనం పెట్టొచ్చు, తొలవొచ్చు. లోపల విరిగిన ఆ ఉక్కు పుల్లకి ఏ ఉపాయమూ లేదని వాడికి పొద్దున్నుంచీ తెలుసు, అయినా ఇప్పుడే తెలిసినట్టుంది. జేబులోంచి నట్టు తీశాడు. ఎక్కడ పెట్టాలో తోచక బావ చేతిలోనే పెట్టేశాడు. బావ దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ కిరసనాయిల్లో వేసి, పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"ఎవరికీ చెప్పనులే" అన్నాడు చిన్నోడు. ఆ మాట అనడానికే వాడి ప్రాణం సగం పోయింది.

"చెప్పకు. ఆ హెడ్డు పాతసామాను వాడికి వేసెయ్."

వెనక ఏదో చప్పుడైంది. చిన్నోడు తిరిగి చూశాడు. గేటు పక్క అరుగు మీద ఉండాల్సిన క్యారేజీ, లోపల గుమ్మం దగ్గర అక్క చేతిలో ఉంది. ఈ రెండు వానాకాలాల్లో ఆ గుమ్మం దాటి లోపలికి రాలేదు ఆవిడ. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. కళ్ళు ఎర్రగా లేవు, ముఖంలో ఏ భావమూ లేదు.

పెద్ద మేస్త్రి డ్రమ్ము మీది నుంచి లేవబోయాడు. "అమ్మాయ్, నువ్వెప్పుడొచ్చావు?"

"నీ గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తోంది అన్నయ్యా" అంది. "గీత, లప్పం, నువ్వేం చెప్పి పంపించావో, అంతా వింటూనే వచ్చాను."

బావ మాటలు మాత్రం ఆవిడ విని ఉండదు. పంచ మూలన అతను నోట్లో నోట్లోనే చెప్పాడు. చిన్నోడు ఆ సంగతి ఆలోచించేలోపే అక్క క్యారేజీ నేల మీద పెట్టింది. అన్నయ్యని దాటింది. బల్ల మీది ఇంజనుని, దాని మూలనున్న కంతని చూసీ చూడనట్టు దాటింది. కిరసనాయిలు పళ్ళెం ముందు, బావకి ఎదురుగా నేల మీదే కూర్చుంది. చీర అంచు కిరసనాయిల్లో తడుస్తున్నా చూసుకోలేదు. పళ్ళెంలో చెయ్యి పెట్టి వెతికి, ఆకుపచ్చ గీత ఉన్న నట్టు తీసి, గీత మీద బొటనవేలితో ఒకసారి రాసింది. అది చెరగలేదు.

"నువ్వు నిద్రపోలేదు" అంది.

బావ తల ఎత్తలేదు.

"ఇన్నాళ్ళూ నిన్ను నేను..." అని ఆగిపోయింది. చాలా రోజులుగా వాడని పిలుపు కనుక నోట్లోంచి రావడానికి కొంచెం టైము పట్టింది. "దించి నడపమని అన్నయ్య అంత చెప్పాడట కదా. మరి అద్దం ఎందుకు ఎత్తావు, బావా?"

చిన్నోడు గోడకి ఆనుకున్నాడు. చేతులు తుడుచుకోవడానికి బావ గుడ్డ కోసం అటూ ఇటూ వెతికాడు. గుడ్డ అతని భుజం మీదే ఉంది.

"నిన్నే అడుగుతున్నాను" అంది అక్క.